పట్టించేది కత్తా, చిట్టానా?

వర్ని చుట్టుపక్కల వడ్ల మాట వచ్చిందంటే వెనకే లెక్కల మాటా వస్తుంది. తేమ, తాలు, తరుగు, ట్రక్ షీటు అనే మాటలు ఇక్కడ బడిపిల్లలకూ తెలుసు. ఈ సంవాదంలో ఇద్దరున్నారు. లింగయ్య వర్నివాడే. రైస్ మిల్లులో గుమాస్తాగిరి చేసి వయసు మీద పడ్డాక మానేశాడు. విజయ పక్క క్యాంపులో పుట్టింది. నిజాంసాగర్ కాలువ నీళ్ల కోసం కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబం ఆమెది. హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతుంది. చైనా దర్బారు సీరియళ్లంటే ఆమెకు ప్రాణం. వాదన అక్కడే మొదలైంది.

విజయ: 'నిర్వాణ ఇన్ ఫైర్' చూడమన్నాను కదా లింగయ్య గారూ, పూర్తి చేశారా?

లింగయ్య: మా మనవడు ఫోన్ల పెట్టిచ్చిండు టీచరమ్మా. యాభై నాలుగు భాగాలు! పేర్లన్నీ ఒక్కతీర్గనే ఉన్నయి. ఎవడు యువరాజో ఎవడు మంత్రో తెల్సుకునేసరికే పది భాగాలు అయిపోయినయ్. కానీ ఆ దొంగ మందుగుండు కత మటుకు మంచిగ సమజైంది.

విజయ: నేను మాట్లాడాలనుకున్నదీ దాని గురించే. లియాంగ్ రాజ్యం కల్పితమే అయినా చూడండి, యువరాజు అండ ఉంది. ఖజానా మంత్రి లౌ జిజింగ్ చేతిలో మంత్రిత్వ శాఖ ఉంది. రాజధాని నడిబొడ్డున దొంగ కార్ఖానా. సర్కారు సరుకు చాటున మందుగుండు దిగుతుంది, లాభం పైకి పోతుంది. అందరికీ వాటా ఉన్నప్పుడు ఎవరు నోరు విప్పుతారు? ఆ పదవిలోకి షెన్ జుయి అనే నిజాయితీపరుడు వచ్చాడు కాబట్టి కదిలింది. కుట్ర బయటపడాలంటే అలాంటి మనిషి ఒకడు కావాలి, వెనక శిక్ష భయం కావాలి. నేను చెప్పేది ఇంతే.

లింగయ్య: ఆ మనిషి ఏం జేసిండు? కత్తి దూసిండా? శాఖల పాత పద్దులు ముంగటేసుకున్నడు. గుమాస్తా పనే గదమ్మా అది. ఇగ ఆయన చెప్పకముందే ఇంకో రాజకుమారుడు కార్ఖానాను పేల్చిపిచ్చె. ఎందుకు? న్యాయం కోసమా? అన్న మీద పోటీకి. సందుల ఉన్న గరీబోల్లు కాలిపోయిండ్రు. దొంగతనాన్ని పట్టిచ్చేటోల్లల్ల సగం మంది పంపకం కాడ తేడా వచ్చినోల్లే. మీ ఈరుడు అటెన్క వస్తడు.

విజయ: సరే, కథ వదిలేద్దాం. చరిత్రలోకి రండి. మింగ్ వంశం స్థాపించిన జు యువాన్‌జాంగ్, హాంగ్‌వు చక్రవర్తి అంటారు, పుట్టుకతో పేద రైతుబిడ్డ. కరవులో ఇంటివాళ్లను పోగొట్టుకున్నవాడు. లంచగొండి అధికారి అంటే ఆయనకు ఒళ్లు మండేది. 1385లో ఖజానా శాఖ ఉపమంత్రి గువో హువాన్ పన్ను ధాన్యం మింగాడని తేలింది. 2 కోట్ల 40 లక్షల దాన్‌ల ధాన్యం. దాన్ అంటే మనిషి కావడితో మోసే బరువు. మంత్రిత్వ శాఖల నుంచి జిల్లాల దాకా తీగ లాగారు. వేలకు వేలమంది తలలు పోయాయని మింగ్ చరిత్ర రాసింది. ఊరి పెద్ద భూస్వాముల దాకా పోయింది దెబ్బ. లంచం తిన్నవాడి చర్మం ఒలిపించి గడ్డి కూరి కచేరీలో నిలబెట్టించేవాడని కూడా చెబుతారు.

లింగయ్య: అటెన్క లంచాలు బంద్ అయినయా?

విజయ: (నవ్వి) లేదు. పొద్దున శిక్షిస్తే సాయంత్రానికి మళ్లీ తప్పు చేస్తున్నారని ఆయనే వాపోయాడు.

లింగయ్య: మరి?

విజయ: ఆగండి, మీ పక్షానికి పనికొచ్చే ముక్క కూడా నేనే చెబుతాను. చైనా లిపిలో ఒకటి అంటే ఒక అడ్డగీత. రెండు అంటే రెండు గీతలు, మూడు అంటే మూడు. ఒకటికి నిలువుగీత గీస్తే పది. లెక్కలు దిద్దడం ఎంత సులువో చూడండి. ఈ కేసు తర్వాత సర్కారు లెక్కల్లో అంకెలను గీతలు కలపడానికి వీల్లేని పెద్ద అక్షరాల్లో రాయాలన్న నియమం గట్టిపడిందని చెబుతారు. చైనా బ్యాంకు చెక్కుల మీద ఇవాళ్టికీ అలాగే రాస్తారు.

లింగయ్య: ఇగ మీరే చెప్పిండ్రు! తలలు నరికినందుకు ఏం మిగల్లే. అంకె రాసే తీరు మార్చినందుకు ఆరొందల ఏండ్లు నిలబడె. మనం చెక్కు మీద అంకె యేసి పక్కన అక్షరాలల్ల రాసి 'మాత్రమే' అని గీత కొడ్తం గద, అదే పని.

విజయ: కానీ ఆ నియమం పెట్టే కోపం ఎక్కడినుంచి వచ్చింది? రాజు నుంచే. గువో హువాన్‌కు దాదాపు పదేళ్ల ముందు ఇంకో కేసు ఉంది, ఖాళీ ముద్రల కేసు. జిల్లాల అధికారులు ఏటా లెక్కల పుస్తకాలు రాజధాని నాన్‌జింగ్‌కు తేవాలి. దారిలో ధాన్యం తరుగు పోతుంది. ఖజానా శాఖ అంకెకూ వీళ్ల అంకెకూ గింజ తేడా వచ్చినా పుస్తకం చెల్లదు. మళ్లీ ఊరికెళ్లి కొత్త కాగితం మీద ముద్ర వేయించుకు రావాలి. నెలల ప్రయాణం. అందుకని ముందే ముద్ర కొట్టిన ఖాళీ కాగితాలు వెంట తెచ్చుకునేవారు, అక్కడే అంకెలు నింపేవారు. చక్రవర్తికి తెలిసింది. ఇది మోసమే అన్నాడు. ముద్ర చేతిలో ఉన్న అధికారులందరికీ మరణశిక్ష. కింది వాళ్లకు నూరు దెబ్బలు, ప్రవాసం.

లింగయ్య: అయ్యో! ఆల్లు దొంగలు గాదమ్మా. తరుగు కాడ లెక్క కుదరక చేసిన పని అది. కాంట మీద ఒక తూకం, మిల్లు కాడ ఒక తూకం వస్తే గుమాస్తా ఏం జేస్తడు? నాకెరుకే ఆ బాధ. సంతకం వెట్టిన ఖాళీ కాగితాలు నేను గూడ చూసిన. కొన్నిట్ల దొంగతనం ఉంటది, కొన్నిట్ల మళ్ల తిరుగుడు తప్పిచ్చుకునుడే ఉంటది. ఏది ఏదో తెల్వాలంటె కూసొని సూడాలె. మీ రాజు సూడలే, నరికిండు.

విజయ: జెంగ్ షిలి అనే పండితుడు అదే చెప్పాడు. ఆ ముద్రలు రెండు కాగితాల అంచుల మీద సగం సగం పడేవి, ఒంటి కాగితాన్ని వేరే పనికి వాడలేరు, కాబట్టి అమాయకులను చంపవద్దని అర్జీ పెట్టాడు. ఆయనకూ శిక్ష పడింది.

లింగయ్య: భయంతోని ఏలితే ఇట్లనే అయితది. నిజం చెప్పినోడు, దొంగ, ఇద్దరు ఒక్క బండిలనే పోతరు.

విజయ: అంటే భయమే వద్దంటారా? భయం లేని చోటు ఎలా ఉంటుందో మన బోధన్ చూపించలేదా?

లింగయ్య: బోధన్ మాట తీసిండ్రు గద, ఇగ నేను చెప్త. 2017 ఫిబ్రవరిల బయటపడ్డది. వాణిజ్య పన్నుల ఆఫీసు, వ్యాట్ చలాన్లు. అప్పటికి జీఎస్టీ రాలే, జులైల వచ్చింది. వ్యాట్ కాలంల మిల్లోడైనా యాపారైనా నెల నెలా పన్ను బ్యాంకుల కట్టాలె, చలాను తేవాలె, వ్యాట్ 200 ఫారం తోని ఆఫీసుల ఇయ్యాలె. ఒక్క చలానుకు ఎన్ని ప్రతులు? బ్యాంకు కాడ ఒకటి, ఖజానా కాడ ఒకటి, ఆఫీసుల ఒకటి, కట్టినోని చేతుల ఒకటి. యాపారులకు ఇవన్ని తిప్పలు గదా. నడుమ పన్నుల సలహాదారు ఉంటడు, ఆయన చేతుల పైసలు వెడ్తే కాగితం తెచ్చిస్తడు. ఆ కాగితాలే దొంగవి. ఒకరు కట్టిన చలానును దిద్ది ఇంకొకరి పేరు మీద చూపిచ్చుడు. బ్యాంకుల పడ్డది ఒక్కసారి, ఆఫీసు ఫైలల్ల చాన సార్లు. సర్కారు నష్టం ముందుగాల పదుల కోట్లన్నరు, పోను పోను వందల కోట్ల మాట వచ్చింది. సీఐడీ దిగింది. సలహాదారును పట్టుకున్నరు, ఆఫీసోల్లను గూడ పట్టుకున్నరు.

విజయ: అదే నేనడిగేది. నాలుగు ప్రతులు నాలుగు చోట్ల ఉన్నాయి కదా. మీ చిట్టా, ఆవర్జా, చలాన్లు అన్నీ ఏళ్లకు ఏళ్లు బీరువాల్లోనే ఉన్నాయి. ఒక్క కాగితమన్నా లేచి 'నేను దొంగను' అందా? కాగితం తనంతట తాను దొంగను పట్టించదు లింగయ్య గారూ. దాన్ని తీసి చూసే మనిషికి దమ్ముండాలి.

లింగయ్య: దమ్ము కాదమ్మా, పని. ఖజానా నుంచి నెల నెలా వచ్చే పట్టీ ఒక దిక్కు, ఆఫీసు ఫైలు ఒక దిక్కు వెట్టి టిక్కు కొట్టుకుంట పోవుడు. చిన్న జీతపోని పని. ఒక్క మాపటేల కూసుంటే ఒక నెల దొంగ చలాన్లు దొరుకుతయ్. ఎందుకు కూసోలే? టిక్కు కొట్టేటోడు, పైసలు ముట్టేటోడు ఒక్కడే అయ్యిండు. లంచం ఇచ్చుడు అంటె ఏందనుకున్నరు? తప్పు చెయ్యమని పైసలు ఇస్తరా? ఏం చెయ్యకుంట కూసోమని ఇస్తరు. ఫైలు తియ్యకు, టిక్కు కొట్టకు, గంతే.

విజయ: ఇది బాగుంది. ఒప్పుకుంటున్నాను. కానీ దీనివల్ల మీ వాదం నిలబడలేదు, నాదే నిలబడింది. టిక్కు కొట్టకుండా కూర్చున్నవాణ్ని కూర్చోనివ్వకుండా చేసేది ఏది? భయమే. పైవాడు అడుగుతాడన్న భయం.

లింగయ్య: పైనోడు గూడ తింటే? చైనాల నల్లమందు కాలంల గస్తీ పడవలోల్లే పెట్టెకింత అని వసూలు చేసేటోల్లట గద. మీరే చెప్పిండ్రు ఒకపారి.

విజయ: చెప్పాను. అక్కడే లిన్ జెషు లాంటివాడు వచ్చాడు. 1839లో హుమెన్ దగ్గర ఇరవై వేల పెట్టెలకు పైగా నల్లమందును సున్నం, ఉప్పు కలిపిన గుంటల్లో కరిగించి సముద్రంలోకి వదిలాడు. లంచానికి లొంగలేదు.

లింగయ్య: ఆయనకేమైంది?

విజయ: యుద్ధం వచ్చింది, ఓడారు. చక్రవర్తి ఆయన్నే తప్పుపట్టి దూరాన ఉన్న ఇలీకి పంపించాడు.

లింగయ్య: మంచి ఇనాం!

విజయ: వెటకారం వద్దు. మన దర్బారులో మాత్రం జరగలేదా? ఆరో నిజాం కాలంలో సర్దార్ అబ్దుల్ హక్ అని పెద్ద అధికారి ఉండేవాడు. సింగరేణి బొగ్గుతో సహా రాజ్యంలోని గనుల హక్కును లండన్ పెట్టుబడిదారులకు ఇప్పించే బేరం నిజాం తరఫున నడిపించాడు. వెనక తనకూ వాటా పెట్టుకున్నాడు. తర్వాత నిజాం సర్కారు కోసమే ఆ కంపెనీ షేర్లు కొనిపించాడు. అంటే అమ్మేవాళ్లలో తనూ ఉన్నాడు, కొనేవాడి మనిషీ తనే. 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ దాకా వెళ్లింది. పదవి పోయింది.

లింగయ్య: ఈయన కత గూడ ఎట్ల బయటపడ్డది? షేరు ఎవని చేతికెల్లి ఎవని చేతికి పోయిందన్న రాతకోతలు ఆయన చేతుల లేవు, లండన్‌ల ఉన్నయి. హైదరాబాదుల ఉన్న కాగితాలైతే ఏనాడో చెదలు తినేటియి. నేను మొదటిసంది అంటున్నది ఇదే. దొంగ చెయ్యి అందని చోట ఒక కాగితం ఉండాలె.

విజయ: అందని చోట కాగితం ఉంటే చాలంటారు. సరే, రేషన్ బియ్యం సంగతి చూద్దాం. ఇది మన పక్కనే ఉంది. మంజీర దాటితే మహారాష్ట్ర. సాలూర దాటితే బిలోలి. మొన్నటిదాకా ఇళ్ల దగ్గర కిలోకు పదో పన్నెండో ఇచ్చి దొడ్డు బియ్యం కొనేవారు, బైకుల మీద మూటలు, ఆటోల్లో బస్తాలు, లారీలో లోడు. కొంత సరిహద్దు దాటేది, కొంత మిల్లుకు చేరేది. మిల్లుకు చేరినదాని కాగితాలు ఎలా ఉంటాయో మీకే బాగా తెలుసు. చెప్పండి.

లింగయ్య: (కొంచెం ఆగి) ఉన్నది ఉన్నట్టు చెప్త. సర్కారు వడ్లు కొని మిల్లుకు ఇస్తది. నూరు కిలోల వడ్లకు అరవై ఏడు కిలోల పచ్చి బియ్యం తిరిగి ఇయ్యాలె, ఉప్పుడు బియ్యమైతే అరవై ఎనిమిది. దీన్నే కస్టమ్ మిల్డ్ రైస్, సీఎంఆర్ అంటరు. ఇగ మోసం చేసే మిల్లోడు ఏం జేస్తడు? సర్కారు వడ్లను బయట అమ్ముకుంటడు. సీఎంఆర్ కింద ఇయ్యనీకె ఊల్లల్ల కొన్న రేషన్ బియ్యం తెచ్చి జర పాలిష్ వట్టి, కొత్త సంచుల నింపి సర్కారుకే ఇస్తడు. అవే బియ్యం మల్ల రేషన్ దుకాణానికి వస్తయ్.

విజయ: అప్పుడు పుస్తకంలో తేడా ఎంత?

లింగయ్య: ఏం ఉండదు. వడ్లు వచ్చినయి, బియ్యం పోయినయి. గింజ తేడా రాదు.

విజయ: చూశారా! బోధన్ చలాన్లలో కనీసం రెండు కాగితాలు కొట్లాడుకున్నాయి. ఇక్కడ అవి కూడా ఒక్కటై కూర్చున్నాయి. చిట్టా సరిపోయింది, దొంగతనం జరిగిపోయింది. ఇప్పుడు చెప్పండి, గుమాస్తా పట్టిస్తాడా, దమ్మున్న తహసీల్దారు పట్టిస్తాడా?

లింగయ్య: మీరు మిల్లు పుస్తకమే చూస్తున్నరు. మిల్లును చూడుండ్రి. వడ్లు మర ఆడాలంటే కరెంటు కావాలె. గంతగనం వడ్లు ఆడినమని రాసుకున్నోడు గంత కరెంటు కాల్చిండా? రేషన్ బియ్యానికి ఒక్కసారి పాలిష్ వడితే అయిపాయె, ఎక్కువ కరెంటు కాలదు. మీటరు కరెంటోల్లది, మిల్లోని మాట ఇనదు. ఇంకోటి, ఊక. నూరు కిలోల వడ్లకు ఇరవై కిలోల చుట్టూత ఊక రాలాలె, మల్ల తవుడు. అది ఎవనికి అమ్మిండ్రు? బాయిలర్లకు ఊక కొనుక్కపోయేటోల్ల కాడ లెక్క ఉంటది, తవుడు కొనే నూనె మిల్లు కాడ లెక్క ఉంటది. వడ్లు ఆడలేదనుకో, ఊక యాడికెల్లి వస్తది? బియ్యం కొనుక్క రావచ్చు టీచరమ్మా, ఊక ఎవడు కొనుక్కొచ్చి కుప్ప వోస్తడు? హమాలీ లెక్క గూడ అంతే. దించిన బస్తాకు కూలి ఇయ్యాలె గద. వడ్లు దిగకుంట కూలి ఎవడిస్తడు?

విజయ: ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు.

లింగయ్య: ఆలోచించేటందుకు దమ్ము అక్కర్లే. మిల్లుల కొన్ని దినాలు కూసుంటే చాలు.

విజయ: ఆలోచించడానికి అక్కర్లేదు, నిజమే. ఆ మీటరు రీడింగు తెప్పించి ముందు పెట్టడానికి? మిల్లు వెనక ఎవరి పలుకుబడి ఉందో తెలిసీ ఊక లెక్క అడగడానికి? మీరు ఇన్నేళ్లు పని చేశారు కదా, ఎప్పుడన్నా అడిగారా?

లింగయ్య: నేను జీతగాన్ని.

విజయ: అదే. చైనా కథల్లో షెన్ జుయి లాంటి అధికారిని నేను ఇష్టపడేది అతను బలవంతుడని కాదు. జీతగాడు నోరు తెరిస్తే అతని తల మీద చెయ్యి పెట్టేవాడు ఒకడు ఉన్నాడని. మీరు చెప్పే, దొంగ చెయ్యి అందని కాగితం ఎప్పుడూ ఒక చిన్న మనిషి చేతిలో ఉంటుంది. మీటరు చదివేవాడు, హమాలీ, లారీ డ్రైవరు. వాళ్లకు అండ లేకపోతే ఊక లెక్క ఊకలోనే పోతుంది.

లింగయ్య: దీనికి నేను అడ్డం చెప్ప. కానీ ఇంకో మాట. కేసులు, దాడులు ఎన్నేండ్ల సంది నడుస్తున్నయ్? నిత్యావసరాల చట్టం కింద 6ఏ కేసు వెడ్తరు, బియ్యం పట్టుకుంటరు, లారీ పట్టుకుంటరు. మల్ల నెలకు ఇంకో లారీ. 2025 ఉగాదికి సర్కారు రేషన్ కాడ సన్న బియ్యం మొదలువెట్టింది. తినే బియ్యం ఇస్తే పదిరూపాలకు ఎవలు అమ్ముకుంటరు? దొడ్డు బియ్యం అమ్ముకున్న ముసలామెను దొంగ అని పట్టుకునుడు కన్న, ఆమెకు తినబుద్ధయ్యే బియ్యం ఇచ్చుడు మంచి ఉపాయం. దందాకు సరుకే తగ్గుతది.

విజయ: తగ్గుతుంది, ఆగదు. సన్న బియ్యానికి బయట ధర ఇంకా ఎక్కువ. ఇంటింటా కొనడం తగ్గితే గోదాములోనే బస్తాలు దారి తప్పుతాయి. నా అనుమానం అది.

లింగయ్య: ఉండనీ అనుమానం. గోదాము కాడ గూడ తూకం కాంట ఉంటది, లారీల జీపీఎస్ ఉంటది.

విజయ: జీపీఎస్ ఉన్నా చూసేవాడు చూడాలి కదా! చెక్‌పోస్టు సంగతే తీసుకోండి. సాలూర లాంటి సరిహద్దు చెక్‌పోస్టులు ఎందుకుండేవి? బళ్లను తనిఖీ చేయడానికి. 2025లో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) వాళ్లు రవాణా శాఖ చెక్‌పోస్టుల మీద పడితే లెక్కలో లేని నగదు దొరికింది. ఆ ఏడాది అక్టోబరులోనే ప్రభుత్వం ఆ చెక్‌పోస్టులను ఎత్తేసింది. కాపలా పెట్టిన చోటే కన్నం. దానికి మీ చిట్టా ఏం చేసింది? దాడి చేసిన అధికారులే చేశారు.

లింగయ్య: దాడి చేసిండ్రు, మంచిదే. కానీ రోగం పోయింది దాడితోనా, చెక్‌పోస్టు తీసేస్తేనా? డ్రైవరు ఆగి కాగితం చూపెట్టే కిటికీ ఉన్నన్ని రోజులు ఆ కిటికీల నోటు వడ్తనే ఉంటది. కిటికీ తీసేసిండ్రు.

విజయ: మీరు ప్రతిదాన్నీ కిటికీ, కాగితం, మీటరు చేసేస్తారు. మనిషి ఎక్కడ? బోధన్ కేసు 2017ది. అప్పుడు తొమ్మిదో తరగతి చదివిన మా పిల్లలు డిగ్రీలు పూర్తి చేసి ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. మోసం బయటపడడం ఒక ఎత్తు, శిక్ష పడడం ఒక ఎత్తు. శిక్ష ఆలస్యమైతే మీరు పట్టిన దొంగ చలాను పాత కాగితమవుతుంది, అంతే. హాంగ్‌వు చేసిన నరుకుడు నాకు వద్దు. కానీ ఏళ్లతరబడి వాయిదాలూ వద్దు.

లింగయ్య: జల్ది పడే చిన్న శిక్ష మంచిదంటరు. నేను గూడ అదే అంట. తల తియ్యొద్దు, తారీకులు తియ్యొద్దు.

విజయ: అయితే ఒప్పుకున్నట్టేనా?

లింగయ్య: యాడ ఒప్పుకున్న? మీ షెన్ జుయిని తెచ్చి బోధన్‌ల కూసోవెట్టుండ్రి. ఖజానా పట్టీ ఇయ్యకుంట ఉంచుండ్రి. మూడు నెలలల్ల ఆయన గూడ సంతకాలు వెట్టుకుంట కూసుంటడు. అదే మామూలు గుమాస్తాకు నెల నెలా పట్టీ ఇయ్యుండ్రి, టిక్కు కొట్టినవా అని ఇంకొకడు అడగాలె. ఈరుడు అక్కర్లే.

విజయ: ఆ ఇంకొకడు అడగాలంటే వాడికి వెన్నెముక ఉండాలి. మీరు ఎటు తిప్పినా నా మనిషి దగ్గరికే వస్తున్నారు. మనకు సమాచార హక్కు చట్టం 2005లోనే వచ్చింది. పది రూపాయల దరఖాస్తుతో మీరే అడగొచ్చు, మన మండలంలో ఏ మిల్లుకు ఎన్ని వడ్లు పోయాయి, ఎన్ని బియ్యం తిరిగి వచ్చాయి అని. అడిగినవాళ్లు ఎంతమంది?

లింగయ్య: అడిగినోని మీద మిల్లోడు కోపం పెంచుకుంటే, వచ్చే పంటకు తరుగు పేరు మీద బస్తాకు ఇంకో కిలో తీస్తడు. రైతుకు ఆ భయం.

విజయ: భయం అన్న మాట మీ నోట వచ్చింది చూశారా. ఎవరు ఎవరికి భయపడుతున్నారో దాన్ని బట్టే ఉంది అంతా. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించారు. ఇప్పుడు లంచం ఇచ్చినవాడూ నేరస్థుడే. బలవంతంగా ఇవ్వాల్సి వచ్చినవాడు ఏడు రోజుల్లో పోలీసులకో ఏసీబీకో చెబితే అతని మీద కేసు ఉండదు. ఈ ఏడు రోజుల సంగతి మన లారీ డ్రైవర్లలో ఎంతమందికి తెలుసు?

లింగయ్య: నాకే తెల్వదు. ఏసీబీ ఫోన్ నంబరు ఎంత?

విజయ: 1064. డబ్బులు పడవు.

లింగయ్య: మరి హమాలీ సంఘం ఆఫీసుల గోడ మీద రాయిపిద్దం. కాని టీచరమ్మా, ఫోన్ చేసేటోనికి చెప్పుండ్రి. తారీకు, లారీ నంబరు, ట్రక్ షీటు నంబరు రాసి వెట్టుకొనే ఫోన్ చెయ్యమని.